గోడ కింది సగం

మా మేనత్తని ఊళ్ళో అందరూ బోర్డులమ్మ అనేవారు. దుకాణాల పేర్లు, ఆస్పత్రి గదుల నంబర్లు, వ్యాన్ల వెనక రాతలు, ‘ఇచ్చట బండ్లు నిలుపరాదు’ లాంటి హెచ్చరికలు, ఇలా ఊళ్ళో కంటికి కనిపించే అక్షరాల్లో సగం ఆవిడ చేతివే. ఆడమనిషి నిచ్చెనెక్కి గోడల మీద రాయడమేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్ళే, తర్వాత ఆవిడ రాస్తేగాని కొట్టు తెరవమని పట్టుబట్టేవారు. పిల్లల్లేరు. మామయ్య సైకిళ్ళు బాగుచేసేవాడు. ముందు గది ఆయన షాపు, వెనక వసారా ఆవిడ రంగుల డబ్బాల రాజ్యం. ఒకపక్క గ్రీజు వాసన, ఇంకోపక్క టర్పెంటైను వాసన. “మా ఇంట్లోకి దోమ కూడా ముక్కు మూసుకుని దూరుతుంది” అనేవాడు మామయ్య.

ఒక వానాకాలం, మందుల షాపు బోర్డు రాస్తుండగా నిచ్చెన కాలు జారింది. అత్త కింద పడింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. బతికి బయటపడింది కానీ, “ఇక నిచ్చెన మాట మర్చిపోండి” అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాటతో అత్త సగమైపోయింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. నేను వెళ్ళి పలకరిస్తే “ఆఁ, బానే ఉన్నానే” అని మళ్ళీ గోడకే తిరిగేది. మామయ్య డబ్బాల మూతలు బిగించి అటక మీద పెట్టబోతే, “ఎందుకండీ దాచడం, ఎవరికైనా ఇచ్చేయండి” అంది. ఆయన ఇవ్వలేదు. అటక మీదా పెట్టలేదు. చూసీ చూడనట్టు వసారాలోనే వదిలేశాడు.

అలాంటి ఒక పొద్దున ఎవరో పొట్టిగా ఉన్నావిడ, భుజాన పెద్ద సంచీతో సైకిల్ షాపులోకి వచ్చింది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడమ్. విద్యార్థులు చాటుగా ‘పురుగుల మేడమ్’ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, పైగా ముచ్చట కూడానట. మామయ్య లోపలికి తీసుకొచ్చాడు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, పరామర్శలేమీ లేకుండా నేరుగా అడిగింది.

“చేపల కొట్టు బోర్డు మీద పీత బొమ్మ వేసింది మీరేనా?”

అత్త కాస్త ఇటు తిరిగింది. “నేనేనండి.”

“చాలా బాగుందమ్మా. కళ్ళు మరీనూ. కానీ కాళ్ళు తక్కువేశారు. ముందున్న పటకార్లు కాక ఇంకా ఎనిమిదుండాలి. మీరు ఆరే వేశారు. మిగతా రెండూ ఏమైనట్టు?”

అత్త ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసింది. “కొట్టువాడు తూకంలో నొక్కేసుంటాడండీ” అంది.

మేడమ్ పకపకా నవ్వింది. అత్తా నవ్వింది. పడ్డాక ఆవిడ నవ్వడం అదే మొదలు. గుమ్మంలో నిలబడ్డ మామయ్య, కంట్లో ఏదో పడినట్టు భుజం మీది గుడ్డతో తుడుచుకుంటూ షాపులోకి వెళ్ళిపోయాడు.

మేడమ్ వచ్చిన పని వేరే ఉంది. కాలేజీ ప్రయోగశాలలోని పాత పటాలన్నీ చెదలు తినేశాయట. “చెదపురుగు పటంతో సహా! కన్నవాళ్ళ ఫోటో అన్న గౌరవం కూడా లేదు వాటికి” అంది. కొత్తవి అచ్చులో వస్తాయి గానీ, బొద్దింక ఏదో చెప్పు ముక్క ఏదో తేడా తెలీకుండా ఉంటాయట. చేత్తో గీసే మనిషి కావాలి.

“నాకు పురుగులంటే ఒళ్ళు జలదరిస్తుందండీ” అంది అత్త.

“జలదరించనివ్వండి. చెయ్యి వణక్కపోతే చాలు.”

మర్నాటి నుంచి సీసాలు రావడం మొదలైంది. మందునీళ్ళలో నిలవ చేసిన తేలు, జెర్రి, రొయ్య, సాలీడు. మేడమ్ ఒక భూతద్దం కూడా ఇచ్చింది. అత్త మంచానికి అడ్డంగా మామయ్య ఒక పలక బిగించాడు. అయితే సీసాలు మాత్రం అన్నం తినే బల్ల మీదికి చేరాయి, వెలుతురంతా అక్కడే కాబట్టి.

“నేను అన్నం తినే చోట తేలా?” అన్నాడు మామయ్య.

“సీసాలో ఉందిగా.”

“సీసాలో ఉన్నా తేలు తేలేనే!”

“మీరూ సంసారంలో ఉన్నా బ్రహ్మచారిలాగే ఉంటారు, నేనేమన్నా అన్నానా? తినండి.”

అత్త మొదట పటం కోసం కాళ్ళు లెక్కపెట్టింది. తర్వాత లెక్కలు వదిలేసి చూడటం మొదలుపెట్టింది. ఆ జీవులన్నిటికీ ఎముకలు లోపల కాక బయట ఉన్నాయని, ఒంటి మీది గట్టి పెంకే వాటికి అస్థిపంజరమని మేడమ్ చెప్పింది. ఆ పెంకు వంగదు కనక ప్రతి కాలికీ అతుకులు. అతుకు దగ్గర మాత్రం పల్చటి పొర. అందుకే వాటికి సంధిపాదులని పేరు. రాడ్డు బిగించిన కాలితో మంచం మీద కూర్చున్న అత్తకి ఈ అతుకుల సంగతి బాగా పట్టింది. “ఒక్కో కాలికి ఎన్ని మడతలే! నాకు ఉన్న ఒక్క మోకాలే చెప్పిన మాట వినటంలేదు” అనేది నాతో. రోకలిబండ పురుగుకీ జెర్రికీ తేడా కూడా మేడమే చూపించింది. జెర్రికి ఒంటి ముక్కకి ఒక్కో జత కాళ్ళు, రోకలిబండకి రెండేసి జతలు. పూలకుండీ ఎత్తితే కింద తడిలో బూడిదరంగు పురుగులుంటాయే, ముట్టుకుంటే ఉండలా చుట్టుకునేవి, అవి నిజానికి పీతల చుట్టాలట. నేల మీద కాపురం పెట్టినా తడి లేనిదే ఊపిరాడదట. “పుట్టింటి అలవాట్లు ఎక్కడికి పోతాయి” అంది అత్త.

ఒకరోజు స్నానాల గదిలోంచి మామయ్య కేక. “తెల్ల బొద్దింకే! పాలలా ఉంది! ఏదో రోగం తగిలింది దీనికి!” ఆయన చేతిలో అప్పటికే చెప్పుంది.

“చెప్పు దించండి!” అని అరుస్తూ అత్త మంచం దిగింది. చేతికర్రల మీద, ఎవరి సాయమూ లేకుండా, గది దాటి స్నానాల గది గుమ్మం దాకా వచ్చేసింది. అన్నాళ్ళూ ఫిజియోథెరపీ అబ్బాయి బతిమాలినా నాలుగడుగులు వెయ్యని మనిషి. మామయ్య బొద్దింకని మర్చిపోయి ఆవిడ కాళ్ళవంకే చూస్తున్నాడు. అత్త మాత్రం అక్కడే స్టూలు వేయించుకుని కూర్చుంది. అది అప్పుడే పాత పెంకు విడిచిన బొద్దింక. పక్కనే ఖాళీ తొడుగు, వీపున చీలిక. పెరగాలంటే పాత చొక్కా విడవాల్సిందే. కొత్తది గట్టిపడేదాకా ఒళ్ళంతా మెత్తగా, ఎవరు తాకినా చచ్చేంత సుకుమారంగా ఉంటుంది. కళ్ళముందే అది తెలుపు నుంచి లేత గోధుమరంగులోకి, తర్వాత ముదురు రంగులోకి తిరుగుతుంటే అత్త రంగు మీద రంగు కలుపుతూ గీసింది. ఆ పటం ఇప్పటికీ కాలేజీలో ఉంది.

చిక్కంతా గుండ్రటి పురుగుల దగ్గర వచ్చింది. పిల్లల కడుపులో పడే ఏలికపాముల జాతి అన్నమాట. మేడమ్ పంపిన సీసాని అత్త అటూ ఇటూ తిప్పి చూసింది. కాళ్ళు లేవు, కళ్ళు లేవు, వానపాముకున్నట్టు ఉంగరాలూ లేవు. రెండు కొసలా సన్నబడ్డ తెల్లటి పోగు. “దీన్ని గీయడానికి నేనెందుకండీ? తాడు ముక్క అంటించుకోండి” అని కబురు పంపింది.

మేడమ్ వాదించలేదు. ఆటో పిలిపించి అత్తని కాలేజీకి తీసుకెళ్ళింది. ప్రయోగశాలలో ఒక గరాటు, దానిలో పల్చటి గుడ్డ, గుడ్డలో కాలేజీ తోటలోంచి తెచ్చిన గుప్పెడు మట్టి, కింద నీళ్ళు. మట్టిలోని పురుగులు కదిలి కదిలి నీళ్ళలోకి దిగుతాయి. ఆ నీటిబొట్టుని గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, “చూడండి” అంది మేడమ్.

అత్త చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు.

నేను పక్కనే ఉన్నాను. “ఏం కనిపిస్తోందత్తా?” అంటే చెయ్యి ఊపి ఊరుకోమంది. ఒక్క బొట్టులో అన్ని ప్రాణాలు! గాజులా పారదర్శకంగా, కొరడాల్లా అటూ ఇటూ మెలి తిరుగుతున్నాయి. వానపాములా సాగలేవు, ముడుచుకోలేవు. పొడుగు కండరాలే ఉన్నాయి కనక వంగడం ఒక్కటే తెలుసు. ఎముక లేకపోయినా ఒంట్లోని నీటి ఒత్తిడే వాటిని బిగువుగా నిలబెడుతుంది, గాలి కొట్టిన సైకిలు ట్యూబులాగ. గొంతులో ఒక చిన్న బుడగ కొట్టుకుంటోంది. అది గుండె కాదట, తిండి లోపలికి తోసే పంపు. ఇంకొకదాని కడుపులో గుడ్లు వరసగా ఉన్నాయి. కొన్ని సూక్ష్మక్రిములని తింటాయి, కొన్నిటికి నోట్లో సూదుంటుంది, మొక్కల వేళ్ళలో గుచ్చి పీల్చడానికి. కొన్ని పంట తినే పురుగుల ఒంట్లో దూరి, పురుగులకే పురుగులై పంటని కాపాడతాయి.

“భూమ్మీద జంతువులన్నిటినీ నిలబెట్టి లెక్కపెడితే, అయిదింటిలో నాలుగు ఇవేనంటారమ్మా” అంది మేడమ్. “రకాల్లో చూస్తే మీ అతుకుల కాళ్ళవాళ్ళదే పైచెయ్యి. ఇంకో సంగతి. ఇవీ పెరిగేటప్పుడు పాత తొడుగు విడుస్తాయి, మీ బొద్దింకలాగే. అందుకే ఇప్పుడు పుస్తకాల్లో ఈ పోగునీ, ఆ పీతనీ ఒకే కొమ్మ మీద పెట్టారు. నేను చదువుకునేటప్పుడు పీత పక్కన వానపాముని పెట్టేవారు.”

“అయితే వానపాముతో సంబంధం తప్పిపోయి, దీంతో కుదిరిందన్నమాట” అంది అత్త, కళ్ళు ఎత్తకుండానే.

ఆ తర్వాత మేడమ్ పెద్ద పనే తలపెట్టింది. ప్రయోగశాల బయటి పొడుగాటి నడవా గోడ మీద బొమ్మలు వేయించాలని ప్రిన్సిపాల్‌ని ఒప్పించింది. గోడ చూసి అత్త మొహం వాడిపోయింది. “నేను నిలబడి పనిచెయ్యలేను మేడమ్. ఎక్కలేను.”

రెండు రోజులు మామయ్య షాపులో సుత్తి చప్పుడు. మూడో రోజుకి చిన్న చక్రాల పీట తయారైంది. కూర్చుంటే కాలు చాపుకోవచ్చు, చేత్తో తోసుకుంటే గోడ వెంబడి జారుతుంది. పక్కన కుంచెలు పెట్టుకునే గూడు కూడా. “బ్రేకులున్నాయి. వాడుకో. పందెం కట్టకు” అన్నాడు.

పీట మీద కూర్చుంటే అత్త చెయ్యి గోడ సగం దాకానే అందుతుంది. ఆ సగమే నింపింది. అడుగున మట్టి, మట్టి నిండా మెలికలు తిరిగే గాజుపోగులు. దాని మీద ఎండుటాకులు, ఆకుల కింద రోకలిబండలు, ఉండచుట్టుకునే పురుగులు, చీమలు, వేటకి కూర్చున్న సాలీడు. ఒక చివర నీళ్ళు, రొయ్యలు, లెక్క ప్రకారం కాళ్ళున్న పీత. పై సగానికి ఎవరినైనా పిలిపించి పక్షులు వేయిద్దామని ఎవరో అంటే మేడమ్ ఒప్పుకోలేదు. “పులుల్నీ నెమళ్ళనీ అందరూ వేస్తారు. లోకంలో ప్రాణులు ఎక్కువుండేది ఈ ఎత్తులోనే. పైన తెల్లగా ఉండనివ్వండి” అంది. చూసేవాళ్ళంతా వంగి చూడాల్సిందే. ప్రిన్సిపాల్ గారు కూడా పంచె సర్దుకుని గొంతుక్కూర్చుని చూశారు.

గోడ పూర్తయ్యేసరికి అత్త చేతికర్ర ఒక్కటి చాలనే స్థితికి వచ్చింది. తర్వాత పాఠ్యపుస్తకాలకి, వ్యవసాయ శాఖవాళ్ళ పోస్టర్లకి బొమ్మలు గీసే పని దొరికింది. ఎవరు మెచ్చుకున్నా, “అంతా మా మేడమ్ చలవ. మంచానికి అతుక్కుపోయిన దాన్ని లేపి కూర్చోబెట్టింది” అనేది.

మేడమ్ పదవీ విరమణ చేశాక కళ్ళకి శుక్లాలు ముదిరాయి. ఒక కంటికి ఆపరేషనయింది, రెండోదానికి ఇంకా కాలేదు. కట్టు ఉన్నన్నాళ్ళూ మైక్రోస్కోపు ముట్టుకోవద్దన్నారు. ఆవిడకి ఆ యంత్రం లేనిదే పొద్దుపోదు. అత్త రోజూ మధ్యాహ్నం కర్ర పొడుచుకుంటూ వాళ్ళింటికి వెళ్ళేది. కిటికీ దగ్గర మైక్రోస్కోపు ముందు తను కూర్చుని, కనిపించింది కనిపించినట్టు చెప్పేది. ఒకసారి నేనూ వెళ్ళాను.

“పెద్దదొకటి వచ్చింది మేడమ్. మూతి దగ్గర పొర ఊడి టోపీలా వేలాడుతోంది. విదిలించుకుంటోంది, రావట్లేదు.”

“తొందరపెట్టకండి దాన్ని. తోక వైపు?”

“తోక వైపు వదులైంది... ఆఁ, జారింది! జారిపోయింది మేడమ్, చొక్కా మొత్తం!”

కట్టు కింద మేడమ్ మొహమంతా నవ్వు విచ్చుకుంది. “ఇన్నేళ్ళూ నేను చెప్తుంటే పిల్లలు విన్నారు” అంది, చెయ్యి చాపి అత్త చేతిని వెతుక్కుంటూ. “వినేవాళ్ళకి ఇంత హాయిగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది. చల్లగా ఉండు తల్లీ.”

అత్త కుడి చేత్తో ఆవిడ చేతిని పట్టుకుని, ఎడమ చేత్తో అద్దం సరిచేసి, “ఇప్పుడు ఇంకొకటి వస్తోంది మేడమ్, చిన్నది, మహా హుషారుగా ఉంది” అని మొదలుపెట్టింది.