నూలు సారు కడుపులో వల

రామాంజనేయులు ఎవరినైనా పలకరించే ముందు వాళ్ల చొక్కా అంచు పట్టుకుంటాడు. పొద్దున్నే తార్నాకలోని ఇంటి నుంచి బయలుదేరి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడకకు వెళ్తాడు. అక్కడ తెలిసిన ముఖం కనబడితే చాలు, నమస్కారం నోటి నుంచి వచ్చేలోపే చెయ్యి ఎదుటివాడి చొక్కా చేతి మీదికి పోతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డను ఒకసారి నలుపుతాడు. మూతి విరుస్తాడు. "పాలిస్టరు" అంటాడు, ఇంకొకరు "లంచగొండి" అన్నట్టు.

చెమట నిలవనివ్వని కొత్త రకం టీషర్టు కొనుక్కుని మురిసిపోతున్న ఒక రిటైర్డ్ ప్రొఫెసరును ఆర్ట్స్ కాలేజీ ముందు నలుగురిలో ఆపి, "పెట్రోలు బంకు తొడుక్కొని వస్తివే సామీ, అగ్గిపెట్టె తావకు మాత్రం పోవద్దు" అన్నాడు. ఆయన మర్నాటి నుంచి వేరే దారిలో నడుస్తున్నాడు. అలా దారి మార్చుకున్నవాళ్లు చాలామందే. చివరికి నడకలో మిగిలిన తోడు రాజలింగం ఒక్కడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ పాత ఖాకీ నూలు చొక్కాలే వేస్తాడు, పైగా తక్కువ మాట్లాడతాడు. ఈ రెండు గుణాలూ చూసి అతణ్ణి తాను భరిస్తున్నానని రామాంజనేయులు అనుకుంటాడు.

క్యాంపస్‌లో ఆయన్ని అందరూ నూలు సారు అంటారు. అది గౌరవమేనని ఆయన నమ్మకం.

ఇంట్లో భార్య లలితకు ఆ నమ్మకాలేవీ లేవు. ఆయన పంచెలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసేది ఆమె. ఊరికి వెళ్లేటప్పుడు కట్టుకోవడానికి ఆమె దగ్గర రెండు సిల్కులాంటి చీరలున్నాయి, పిండి ఆరేస్తే చాలు, ఇస్త్రీతో పని లేదు. వాటిని చూసి ఆయన ముక్కు చిట్లించిన ప్రతిసారీ, "మీ నూలు గొప్పతనమంతా నా రెక్కల్లో ఉండాది" అని ఒక్క మాట అని ఊరుకుంటుంది.

ఆయనది ఆదోని. టెక్స్‌టైల్ డిప్లొమా చదివి, అక్కడే ఒక స్పిన్నింగు మిల్లులో చేరి, స్పిన్నింగు మాస్టరు దాకా ఎదిగాడు. పత్తి బేళ్లు విప్పే గది మొదలు కండెలు చుట్టే గది దాకా ఆయన మాటకు తిరుగుండేది కాదు. తెగిన నూలుకు ముడి వేయడానికి ఆడవాళ్లు యంత్రాల వెంబడి వరసగా నిలబడేవాళ్లు. ముడి లావైతే గుడ్డలో పొక్కులా తేలుతుందని వాళ్లను రోజూ తిట్టేవాడు. తర్వాత మిల్లుకు ఒక కొత్త యంత్రం వచ్చింది. తెగిన రెండు కొసలనూ గాలితో విప్పి, గాలితోనే పురిపెట్టి కలిపేస్తుంది. ముడే ఉండదు. యజమాని దాన్ని చూపిస్తున్నప్పుడు రామాంజనేయులు అందరి ముందూ నవ్వాడు.

"గాలి నూలు అతికిస్తుందంటనా? రేపు గాలే గుడ్డ కూడా నేస్తుందంటారు" అన్నాడు.

గాలితో పేక విసిరి నేసే మగ్గాలు అప్పటికే వేరే ఊళ్లలో నడుస్తున్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలిశాక ఒప్పుకోలేదు.

యంత్రం మిల్లులో కుదురుకుంది. దానిలో తప్పు పట్టుకోవాలని ఆయన కొన్నాళ్లు దాని చుట్టూ తిరిగాడు. తప్పు దొరకలేదు. యజమానితో మాటామాటా పెరిగి, ఉద్యోగం వదిలేసి హైదరాబాదు వచ్చి, ఈ క్యాంపస్ కాలేజీలోనే టెక్స్‌టైల్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టరుగా కుదిరాడు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. టెక్స్‌టైల్ సీటు వచ్చిందని ఏడుస్తూ చేరి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని నవ్వుతూ పోయే పిల్లలంటే ఆయనకు పురుగును చూసినట్టుండేది. వాళ్లలో ఒకే ఒక్క పిల్ల ఆయన చెప్పింది చెవిన వేసుకునేది. పేరు శైలజ. వాళ్ల నాన్న కమలాకర్‌ది కూడా రాజలింగం పనిచేసిన రైల్వే వర్క్‌షాపే. భూతద్దం కింద గుడ్డ పెట్టి పడుగూ పేకా ఎలా చదవాలో ఆ పిల్లకు నేర్పింది రామాంజనేయులే.

శైలజ పై చదువులు చదివింది. ఆపరేషన్లలో వాడే గుడ్డలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో కొంతకాలం పనిచేసి, మళ్లీ క్యాంపస్‌కే పరిశోధనకు వచ్చింది. డిపార్ట్‌మెంటులో ఒక సెమినారు పెట్టి, పాత ఉపాధ్యాయులను పిలిచారు. ఆ రోజు మాట్లాడాల్సింది శైలజ. బట్ట అంటే ఒంటికి కట్టుకునేదే కాదని, ఇవాళ రోడ్డు కింద పరిచేదీ, పొలం మీద కప్పేదీ, మనిషి ఒంట్లో పెట్టేదీ కూడా మన దేశంలోనే తయారవుతున్నాయని చెప్పింది. హెర్నియా ఆపరేషనులో కండ చిరిగిన చోట వేసే తెల్లటి వల ఒకటి ఎత్తి చూపించింది. దాని బరువు తగ్గించడం మీదే ఆమె పరిశోధన.

రామాంజనేయులు లేచి నిలబడ్డాడు.

"అమ్మీ, ఇది నేసింది గాదు, నూలు గాదు, కట్టుకునేదీ గాదు. ఇది బట్టే గాదు. ఉల్లిగడ్డల సంచి. దీనికి డాక్టరేటు ఏంటికి?"

హాలంతా నవ్వింది. శైలజ వల మడిచి పెట్టేసి, మిగిలిన ప్రసంగం గబగబా ముగించింది. సెలవు పెట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్న కమలాకర్, కూతురు దిగి రాకముందే బయటికి వెళ్లిపోయాడు. రామాంజనేయులు ఇంటికి వచ్చి ఈ కథంతా లలితకు లొట్టలు వేస్తూ చెప్పాడు. ఆ పిల్ల ఏమనిందని ఆమె అడిగింది. ఏమంటుంది, నోరు మూసుకునింది అన్నాడు.

ఆ చలికాలంలోనే దూది పరుపు ఆయన పని పట్టింది. లలిత ఎన్నాళ్లుగానో తేలికపాటి ఫోమ్ పరుపు కొందామంటోంది. ఆయన పడనివ్వలేదు. దూది పరుపును ఎండలో వేస్తే మళ్లీ కొత్తదవుతుందని, ఆ సుఖం నురగ మీద పడుకునేవాళ్లకు ఏం తెలుసని వాదించి, దాన్ని ఒక్కడే భుజానికెత్తుకుని డాబా మీదికి బయలుదేరాడు. మెట్ల మలుపులో గజ్జ దగ్గర ఏదో పట్టు తప్పినట్టయింది. పరుపు అక్కడే వదిలేసి గోడకు ఆనుకున్నాడు. సాయంత్రానికి ఆ చోట నిమ్మకాయంత ఉబ్బు లేచింది.

తార్నాకలోనే ఉన్న డాక్టర్ శశిభూషణ్ చూసి, హెర్నియా అన్నాడు. చిన్న ఆపరేషన్, చిరిగిన చోట మెష్ అనే వల వేసి కుడతామన్నాడు. అది ఏ దారంతో చేసిందని రామాంజనేయులు అడిగాడు. ఆ ప్రశ్న ఆ గదిలో అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగుతో అని డాక్టరు చెప్పాడు. నూలుది లేదా అన్నాడు ఈయన. డాక్టరు నవ్వు ఆపుకుని, మెష్ లేకుండా సొంత కండనే లాగి కుట్టవచ్చుగానీ ఈ వయసులో, మిల్లు దుమ్ముకు పట్టిన ఈ దగ్గుతో, మళ్లీ ఊడే అవకాశం ఎక్కువని చెప్పాడు. "ఉల్లిగడ్డల సంచి కడుపులో పెట్టుకొని చావను" అని రామాంజనేయులు లేచి వచ్చేశాడు.

నడుముకు బెల్టు ఒకటి కొనుక్కుని బిగించుకున్నాడు. నడక తగ్గింది. దగ్గు వస్తే చేత్తో అదుముకుని దగ్గేవాడు. బెల్టు ఉతికి ఆరేస్తూ లలిత దాని మీద కుట్టిన చీటీ చదివింది.

"ఇది పాలిస్టరూ రబ్బరూనంట. నూలు ముక్కే లేదు. ఇన్నాళ్లూ మిమ్మల్ని పట్టుకొని ఉండేది ఇదే. దీన్నీ విసిరేస్తారా?"

ఉబ్బు ఆ సరికి నిమ్మకాయ దాటిపోయింది. ఒకరోజు స్నానాల గదిలో అది లోపలికి పోకుండా బిగుసుకుని, చెమటలు పట్టి, నేల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి సర్దుకుంది. పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకు నిజంగా భయం వేసింది. భయపడినందుకు తన మీద తనకే అసహ్యం కూడా వేసింది.

మర్నాడు ఆటోలో క్యాంపస్‌కు వెళ్లి శైలజ ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె లేచి కుర్చీ చూపించింది, అంతే. ఎందుకొచ్చారని అడగలేదు, ఎట్లున్నారనీ అడగలేదు. తన ఒంటి సంగతి ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్ల ముందు గజ్జల గురించి చెప్పుకునే గతి పట్టిందని లోపల తిట్టుకుంటూనే చెప్పాడు.

శైలజ అల్మారాలోంచి వల ముక్క తీసి బల్ల మీద పెట్టింది. ఆయన జేబులోంచి భూతద్దం తీశాడు. కిందామీదా తిప్పి చూశాడు. ఎక్కడ చూసినా కన్నాలే.

"దోమతెర. గుడ్డ సరిగ్గా నింపే చాతగాక కన్నాలు ఇడిసినారు" అన్నాడు.

"చాతగాక కాదు సార్, కావాలనే ఇడిచినం" అంది శైలజ. మొదట్లో ఫ్యాక్టరీలు దట్టంగా, బరువుగానే చేసేవని, అవి ఒంట్లో అట్టకట్టి గట్టిపడి మనిషిని వంగనిచ్చేవి కావని చెప్పింది. కన్నం పెద్దదైతే కండ అందులోంచి పెరిగి వలను తనలో కలిపేసుకుంటుంది. నూలు పోగు అయితే పీచుల సందుల్లో చీము పడుతుంది. అందుకే పీచులు లేని ఒంటి పోగు ప్లాస్టిక్కు. పాఠం చెప్పినట్టే చెప్పింది, ఎక్కడా గొంతు పెంచలేదు. ఆయన వింటూనే పెదవి విరుస్తున్నాడు. అది చూసి ఆమె కత్తెర తీసి ఆయన ముందు పెట్టింది.

"మీరే కోయుండ్రి సార్. ఏ మూల నుంచైనా, ఎట్ల మనసైతే అట్ల."

నేసిన గుడ్డకు ఎక్కడ కోసినా పోగులు ఊడతాయి. అది రామాంజనేయులుకు పుట్టుకతో తెలిసినంత బాగా తెలుసు. వలను వంకరగా, అడ్డదిడ్డంగా కోశాడు. అంచును గోటితో గీరాడు. పోగు పట్టుకుని లాగాడు. ఒక్క పోగూ ఊడి రాలేదు. ఇంకోవైపు కోసి లాగాడు. చివరికి పంటితో పట్టి లాగబోయి, శైలజ చూస్తోందని ఆగిపోయాడు. ప్రతి పోగూ పక్క పోగును ఉచ్చులో పట్టుకుని ఉంది. ఎవరో చాలా ఆలోచించి అల్లారు.

"అల్లిక" అన్నాడు చులకనగా, "ఆడోళ్లు స్వెటరు అల్లినట్ల."

శైలజ ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేసింది. "ఆనాడు మా డాడీ సెలవు పెట్టి వచ్చిండు సార్, నేను మాట్లాడంగ ఇందామని. మళ్ల ఇంతవరకు ఈ దిక్కు రాలే. మీరు ఆపరేషన్ చేయించుకోండ్రి. మంచిగైతది. నాకు క్లాసున్నది" అని పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయింది.

ఆయన ఆ కుర్చీలో ఒంటరిగా చాలాసేపు కూర్చున్నాడు. గదిలో తేమ ఎక్కువగా ఉందని, యంత్రాలకు మంచిది కాదని ఒక ఆలోచన వచ్చింది. చెప్పడానికి ఎవరూ లేరు.

ఆపరేషన్ జరిగింది. మత్తు నడుము కిందికే ఇచ్చారు కాబట్టి తెర అవతల డాక్టరు మాటలు వినబడుతూనే ఉన్నాయి. మెష్‌ను కొంచెం కత్తిరించమని ఆయన నర్సుతో చెప్పినప్పుడు, అంచు ఊడదులే అని రామాంజనేయులు తనలో తాను అనుకున్నాడు. ఇంటికి వచ్చాక లలిత ఫోమ్ పరుపు తెప్పించి వేసింది. ఆయన దాని మీద పడుకుని, ఇది పరుపు కాదు, రొట్టె అన్నాడు. లేవమంటే మాత్రం లేవలేదు.

నడక మళ్లీ మొదలయ్యేసరికి ఎండలు ముదిరాయి. ఒక పొద్దున రాజలింగం నడుస్తూ నడుస్తూ ఆగి, తనకూ అదే జబ్బని చెప్పాడు. రైల్వే ఆసుపత్రిలో ఆపరేషన్ అన్నారట. "కడుపుల ప్లాస్టిక్ పెడ్తరంట గద సారూ. నాకైతే మస్తు భయమైతున్నది. వద్దంటె ఏమైతది?" అన్నాడు.

రామాంజనేయులు అతణ్ణి పైనుంచి కిందికి చూశాడు. "తెలీని విషయం మాట్లాడొద్దు లింగం" అని మొదలుపెట్టాడు. బరువు వల, తేలిక వల, కన్నాలు ఎందుకు, పోగు ఎందుకు ఊడదు, మన ఫ్యాక్టరీలు ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చాయి, అంతా తానే కనిపెట్టినంత దర్పంగా చెప్పుకుపోయాడు. నూలు పెట్టమని అడిగే మూర్ఖులు కూడా ఉంటారని ఈసడించాడు. రాజలింగం నోరు తెరిచి విన్నాడు. అయినా మొహంలో భయం పోలేదు. కంటితో చూస్తే పోతుందని, అతని చెయ్యి పట్టుకుని శైలజ ల్యాబ్‌కు లాక్కుపోయాడు.

శైలజ విద్యార్థులకు యంత్రం చూపిస్తోంది. ఈ పెద్దాయనకు ఒక ముక్క చూపించమని రామాంజనేయులు అడిగాడు, అడగడం అలవాటు లేని గొంతుతో. ఆమె ముక్క తెచ్చింది. ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఏం చూపియ్యాలె సార్? ఇది బట్ట కాదన్నరు కద."

విద్యార్థులు ఇటు తిరిగారు. రాజలింగం ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. రామాంజనేయులుకు గాలి యంత్రం ముందు మిల్లు యజమాని తనకేసి చూసిన చూపు ఎందుకో గుర్తొచ్చింది. ఆనాడు తాను తప్పు ఒప్పుకోకుండానే వెళ్లిపోయాడు.

"బట్టే" అన్నాడు. "బట్టేలే. మీ నాయనతో గూడా చెప్పు."

"మీరే చెప్పుండ్రి. వర్క్‌షాపు క్వార్టర్లలనే ఉంటం" అంది శైలజ. ముక్కను రాజలింగం చేతిలో పెట్టి, యంత్రం దగ్గరికి వెళ్లి పాఠం ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి అందుకుంది.

రాజలింగం వలను ఫిట్టరు చేతులతో అటూ ఇటూ లాగి చూశాడు. మంచి గట్టిగ ఉన్నదన్నాడు. తిరుగుదారిలో చెట్ల నీడన నడుస్తూ, పెట్టేటప్పుడు నొప్పైతదా అని అడిగాడు. దగ్గితే లోపల లాగినట్టుంటుందని, మెట్లు ఎక్కాలంటే కొన్నాళ్లు ఏడుపొస్తుందని రామాంజనేయులు చెప్పాడు.

"నేనూ భయపడితిలే" అన్నాడు రామాంజనేయులు, రోడ్డు వైపు చూస్తూ. "మీ వర్క్‌షాపు క్వార్టర్లలో ఆ కమలాకర్ ఇల్లు యాడుందో నీకు తెల్సునా?"

తెలుసన్నాడు రాజలింగం. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక వెళ్తే దొరుకుతాడన్నాడు. ఇద్దరూ తార్నాక వైపు నడిచారు.