వాసన చూసి కొన్న కారు

కొత్తగా ఉద్యోగంలో చేరిన మా మనవరాలు ఈమధ్య ఒకరోజు నా పక్కన కూర్చుని, ఫోనులో పాత కార్ల బొమ్మలను వేలితో తోసుకుంటూ పోయి, చేతిలోని టీ చల్లారేలోగా ఒకదాన్ని ఎంచేసి, "తాతా, స్టైలుగా ఉండాది, నా జీతానికీ అందతాది" అని తేల్చేసింది. బొమ్మ చూసి కారు కొనడమేమిటని నేను సణిగాను. మేము మా కారును కంటితో కాదు, ముక్కుతో ఎంచుకున్నాం. ఆ పిల్లకు చెబితే నవ్వుతుంది గానీ, నా వయసువాళ్లు నవ్వరని ఇక్కడ చెబుతున్నాను.

అప్పట్లో నేను మదనపల్లెలో టమోటా మండీ గుమాస్తాను. మా ఆవిడ పుట్టిల్లు కుప్పం. ఆమెకు బస్సు పడదు. ఎక్కి పుంగనూరు చేరకముందే కడుపులో తిప్పడం మొదలై, డీజిలు వాసన, మూసిన కిటికీలు, పక్కవాళ్ల తలల్లోని మల్లెపూలు అన్నీ కలిసి, కుప్పంలో దిగేసరికి మనిషి వడలిన ఆకుకూర కట్టలా వాలిపోయేది. తల్లి మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేదు కనుక, ఎంత బాధైనా ఈమే వెళ్లేది. ఒకసారి వాళ్లింట్లో నామకరణానికి వెళ్లి మేమింకా గడప దాటకముందే, నా బావమరిది పదిమందిలో "అక్క వచ్చినాది, బకెట్టు ముందర పెట్టండప్పా!" అని కేకేశాడు. అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. ఆ తర్వాత పుట్టింటికి పోదామంటే ఏదో ఒక పని అడ్డం పెట్టేది. తల్లి దగ్గరి నుంచి ఎప్పుడొస్తావని కబురు వచ్చిన రోజు మాత్రం అన్నం సగంలోనే లేచేది. మాట అన్నవాళ్లకు మరుపు సులువు. నాకు అలాంటి సౌకర్యాలు దేవుడు పెట్టలేదు.

అందుకే కారు కొనాలనుకున్నాను. గుమాస్తా జీతానికి పాతదే గతి, అయినా అది గుమ్మం ముందు ఆగితే బావమరిది కన్ను కుట్టాలన్నది నా పంతం. మదనపల్లెలో ఒక బ్రోకరు దగ్గర ఎర్రటి కారు చూసి మనసు పారేసుకున్నాను. చక్రాలు అద్దాల్లా మెరుస్తున్నాయి. మా ఆవిడ లోపల కూర్చుని, ముందర అతికించిన సెంటు సీసా వాసనకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిగిపోయింది. సీసా తీసేసినా వాసన సీట్లను వదలలేదు.

"ఏమప్పా, తోలేదానికి కొంటాండావా, వాసన సూసేదానికా?" అన్నాడు బ్రోకరు, నలుగురికీ వినిపించేటట్టు.

"కారు ఆమెకోసరమప్పా, ఆమె ముక్కుకే నచ్చాల" అని వచ్చేశాను. ఈనాటికీ ఆ వీధిలో నేను అవతలి పక్కనే నడుస్తాను.

పుంగనూరులో ఒక వెండి రంగు కారు చూశాం. దాని కిటికీ అద్దాలు సగమే దిగుతాయి. ఏసీ ఉండగా అద్దాలు ఎందుకు దించాలని దాని యజమాని మమ్మల్నే తప్పుపట్టాడు. అదీ రాసిపెట్టుకున్నాను, మనసులో.

చివరికి పెద్దపంజాణి దగ్గర ఒక రైతు ఇంటికి వెళ్లాం. అగ్గిపెట్టెకు చక్రాలు తగిలించినట్టున్న మీగడ రంగు బండి అది. వేరుశెనగ మూటలు మోసి మోసి దాని నిండా ఎండిన కాయల వాసన, మట్టి వాసన. మా ఆవిడ అద్దాలన్నీ దించుకుని కూర్చుంది. నేనూ ఆ రైతూ టైర్ల గురించి, ఇంజను గురించి వాదించుకుంటూ ఆమె సంగతే మరిచిపోయాం. మజ్జిగ తెచ్చిన రైతు భార్య కారులోకి తొంగి చూసి, "మెల్లగా మాట్లాడండప్పా, ఆయమ్మ నిద్రపోతాండాది" అంది.

పెళ్లైన నాటి నుంచి ప్రయాణంలో ఆమె కళ్లు గట్టిగా మూసుకోవడం చూశాను గానీ, నిద్రపోవడం చూడలేదు. నా మనసింకా ఆ ఎర్రదాని మీదే ఉన్నా, బేరం ఆడకుండా ఒప్పేసుకున్నాను. రెక్సిన్ సీటు కవర్లు వేయిద్దామంటే వాటి వాసనా వద్దని, ఉతికి ఉతికి మెత్తబడిన తన నూలు చీరలు కత్తిరించి తానే కుట్టింది, ఆకుపచ్చ మీద ఎర్ర అంచు. అలాంటి కారు మదనపల్లెలో ఇంకొకటి లేదని ఇప్పటికీ వాదిస్తాను.

కుప్పంలో ఆమె నవ్వుతూ దిగింది. మా అత్తగారు మంచం మీది నుంచే కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "ఈ పొద్దు నీ మొగం నీ మొగం మాదిరే ఉండాదే తల్లీ" అని కళ్లు తుడుచుకుంది.

బావమరిది బయటికి వచ్చాడు. "ఏం బావా, ఈ డబ్బాను యాడ పట్టినావు?"

"డబ్బా సంగతి ఉండనీ. బకెట్టు యాడ పెట్టినావు?"

"ఏ బకెట్టు బావా?" అన్నాడు. నిజంగానే వాడికి గుర్తులేదు! అన్నాళ్లుగా నూరి పెట్టుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి గానీ, లోపల తల్లీకూతుళ్ల నవ్వులు వినిపించి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను. క్షమించానని కాదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, అత్తగారు ఉన్నన్నాళ్లూ, ఆ కారులోనే వెళ్లాం. గతుకుల రోడ్డుకు అప్పుడప్పుడూ తల తిరిగి మా ఆవిడ చెయ్యెత్తితే, ఎక్కడైనా ఆపేవాణ్ణి. ఆమె తలుపు తెరిచి కాళ్లు బయట పెట్టుకుని, గాలి పీల్చుకుంటూ, తేరుకునే దాకా ఏదో ఒకటి చెప్పేది. చిన్నప్పుడు ఈత నేర్చుకోబోయి బావిలో మునిగిన సంగతి, మా అమ్మ ఆమెను అన్న మాటలు, పిల్లల గురించిన భయాలు. మిగతా రోజుల్లో ఆమెకు వంటిల్లు, నాకు మండీ. మా సంసారంలో మాట్లాడుకోవలసినవన్నీ ఆ రోడ్డు పక్కనే మాట్లాడుకున్నామని అప్పుడు తెలియలేదు.

పోయిన వారం మనవరాలు తాను కొన్న ఆ కారులో మమ్మల్ని కుప్పం తీసుకెళ్లి తెచ్చింది. రోడ్డు ఎంత నున్నగా ఉందంటే, అద్దాలు ఎత్తే ఉన్నా మా ఆవిడకు ఏమీ కాలేదు. ఒక్కసారీ చెయ్యెత్తలేదు. ఎక్కడా ఆగలేదు. ఇల్లు చేరి ఎవరి గదిలోకి వాళ్లం వెళ్లాం. రోడ్లు బాగాలేవని జీవితంలో చాలామందికి అర్జీలు పెట్టాను. రోడ్డు మరీ బాగైపోయిందని ఎవరికి పెట్టుకోవాలో తెలియడం లేదు.