అక్క దుకాణం పేరు

వీధిలో అతన్ని అందరూ పేర్లాయన అంటారు. వ్యాపారం అదే మరి. వెబ్‌సైట్ల పేర్లు, అంటే డొమైన్లు, కొని అమ్ముతాడు. సరుకూ లేదు, గోడౌనూ లేదు. మెట్ల కింద ఇరుకు గది, ఒక కంప్యూటర్, కదిలితే కిర్రుమనే కుర్చీ. ఎవరో రెన్యువల్ మరిచిపోయి గాలికొదిలేసిన పేర్లను ఏరుకోవడం, వాటితో పనిపడే ఆసామిని వెతికి అంటగట్టడం. ఏం చేస్తుంటావు నాయనా అని అడిగిన పెద్దవాళ్లకు, అతను చెప్పడం పూర్తయ్యేలోపే ఆవలింతలు వచ్చేవి.

అలాగని దొంగ వ్యాపారం కాదు. పేరుమోసిన కంపెనీల జోలికి చచ్చినా పోయేవాడు కాదు. కొత్తవాళ్లు సలహాకొస్తే ఓపిగ్గా చెప్పేవాడు.

"మామూలు మాట ఎవడబ్బ సొత్తూ కాదు, ధైర్యంగా కొనుక్కో. ట్రేడ్‌మార్క్ ఉన్న పేరు మాత్రం ముట్టుకోకు. ముట్టుకున్నా, కొంటారా అని ఆ కంపెనీవాళ్లకే రాయకు. రాశావంటే నిన్ను నువ్వే పట్టిచ్చుకున్నట్టు."

ఇంత తెలిసినవాడు ఆ గోతిలోనే పడ్డాడు. తనొక్కడే పడితే నేనిదంతా చెప్పేవాణ్ణి కాదు.

అతనికో అక్క ఉంది. పిల్లల గౌన్లు కుడుతుంది. బావ ఉద్యోగం పోయాక ఇల్లు నడిచేది ఆ కుట్టుమిషన్ మీదే. తమ అమ్మను ఇరుగుపొరుగువాళ్లు ముద్దుగా పిలిచిన పేరునే అక్క తన దుకాణానికి పెట్టుకుంది. అదే పేరుతో డొమైన్ కొనిపెట్టింది తమ్ముడే, కానీ అక్క పేరు మీదే కొన్నాడు. అది మంచిపని. ఎక్కడెక్కడి తల్లులో ఆ సైటు చూసి గౌన్లు కుట్టించుకునేవాళ్లు.

ఒకరోజు అతని కంట ఒక ప్రకటన పడింది. పిల్లల బట్టల కంపెనీ, కొత్తది, పెద్దది. పేరు అచ్చంగా అదే. ట్రేడ్‌మార్క్ కూడా తీసుకున్నారు. అక్కకు ఈ గొడవలు తెలియవు, ఎవరో తీయగా మాట్లాడి టోపీ పెట్టేస్తారనుకున్నాడు. వెంటనే ఫోన్ చేసి, పేరును తన ఖాతాలోకి మార్చుకుంటానన్నాడు.

"నీకు తెలిసిన పనేగా, చేసెయ్యరా," అంది అక్క. ఎందుకని కూడా అడగలేదు.

అక్కడితో ఆగినా కొంత నయం. తన దగ్గరున్న మామూలు పేరుతో ఎవరైనా కొత్తగా కంపెనీ పెడితే, వాళ్లు ఇంకో పేరు చూసుకోకముందే మెయిల్ పంపడం అతని అలవాటు. రాసిపెట్టుకున్న నాలుగు ముక్కలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆ మధ్యాహ్నం చెయ్యి దానంతటదే వాటి మీదికి పోయింది. అమ్మేస్తాడా ఏమిటి, ఊరికే ధర తెలుసుకుందామని. పైగా ఇది మన పేరే కదా, మనకేం భయమని. ఆ కంపెనీకి పంపేశాడు.

జవాబు రాలేదు. కొన్నాళ్లకు, డొమైన్ తగాదాలు తీర్చేవాళ్ల దగ్గర కంపెనీ వేసిన ఫిర్యాదు వచ్చింది.

అతను పెట్టుకున్న లాయరు మొదట తేలిగ్గానే మాట్లాడాడు. "మీ అక్కగారు వాళ్లకంటే ఎన్నో ఏళ్ల ముందునుంచీ ఆ పేరుతో కుడుతున్నారు కదండీ. మనకేం ఫరవాలేదు." తర్వాత కాగితాలు తిరగేశాడు. ఆ మెయిల్ దగ్గర ఆగిపోయాడు.

"ఇది మీరే రాశారా?"

"రాశాను."

"ఆవిడ దగ్గరే ఉండి ఉంటే ఎవరూ ఏమీ చేయలేకపోయేవారండీ. చేతులు మారితే కొత్తగా కొన్నట్టే లెక్క. వాళ్లకు ట్రేడ్‌మార్క్ వచ్చాక, పేర్లమ్ముకునే మనిషి కొన్నాడు, కొని వాళ్లకే అమ్మజూపాడు. నేనే వాళ్ల తరఫు లాయర్నైతే ఇంతకంటే ఏం కోరుకుంటాను?"

పేర్లాయన ఆ మెయిల్ మళ్లీ చదువుకున్నాడు. ఇదే ముక్క ఎంతమందికో తనే చెప్పాడు.

తీర్పూ అలాగే వచ్చింది. పేరు కంపెనీకి ఇచ్చేయమన్నారు. వెనకే, దుకాణానికీ ఆ పేరు వాడొద్దని కంపెనీవాళ్లు నోటీసు పంపారు. ఇంకో పోరాటానికి అక్క దగ్గర శక్తి లేదు.

అతను వెళ్లేసరికి అక్క నేలమీద కూర్చుని, కుట్టిన గౌన్ల మెడల నుంచి అమ్మ పేరున్న లేబుళ్లు విప్పుతోంది. గుడ్డ చిరగకుండా ఒక్కొక్క దారమే తెంపుతోంది. అతను పక్కన కూర్చుని అంతా చెప్పాడు. దాచలేదు, ఆ మెయిల్‌తో సహా.

అక్క చేతిలో ఉన్న గౌను పూర్తిచేసి పక్కన పెట్టింది.

"ధర తెలుసుకుందామనుకున్నావుగా," అంది. "తెలిసిందా?"

"లేదక్కా. వాళ్లు జవాబివ్వలేదు."

ఏం చేయాలో తోచక అతను కుప్పలోంచి ఒక గౌను తీసుకోబోయాడు. అక్క దాన్ని తనవైపు లాక్కుంది.

"నువ్వు ముట్టుకోకు," అంది. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే అతనికి భరించరానిదైంది. ఆమె మళ్లీ దారాలు తెంపుకుంటూ కూర్చుంది.