మిగిలిన బెల్లం ఎవరిది?

ఈ రోజు పొద్దున్న బలిఘట్టం గుడిలో నేను నేనేనా అని అనుమానం వచ్చింది. నాకు కాదు, మా అమ్మకి.

పోయినేడాది బరువు తగ్గడానికి పొట్టకి ఆపరేషన్ చేయించుకున్నాను. నేను క్షేమంగా బయటపడితే నా ఎత్తు బెల్లం తూచి ఇస్తానని అమ్మ మొక్కుకుంది. అప్పుడు నేను నూట ఇరవై కేజీలు. ఈ రోజు నర్సీపట్నం మార్కెట్లో సరిగ్గా అంత బెల్లమూ కొని ఆటోలో వేయించింది.

త్రాసులో కూర్చున్నాను. అరవై ఎనిమిది కేజీలకే నేను కూర్చున్న వైపు పైకి లేచింది. పూజారిగారు చెయ్యి ఆపేశారు.

"ఇంకా ఎయ్యండి బాబూ, ఆటోలో బోల్డు ఉండిపోనాది" అంది అమ్మ.

"అమ్మాయి ఎత్తే కదమ్మా మొక్కు? సరిపోయింది."

"మొక్కినప్పుడిది ఇలాగుండేదేటండి? దేముడికి తగ్గించీసి పెడితే ఊరుకుంటాడేటి?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఇంతకీ మొక్కింది ఈ అమ్మాయికేనా? అక్కకో చెల్లెలికో కాదు కదా?"

అమ్మ వెంటనే జవాబు చెప్తుందనుకుంటే, దగ్గరికొచ్చి, నా జుట్టు పక్కకి తీసి, చెవి వెనక పుట్టుమచ్చ చూసుకుని, అప్పుడంది: "మా పిల్లేనండీ."

మిగిలిన బెల్లం ఇంటికి తిరిగొచ్చింది. నన్ను తీపి ముట్టుకోవద్దన్నారు డాక్టరు. అమ్మ ఇంకెవరినీ ముట్టుకోనివ్వడం లేదు. ఆ బెల్లం దేవుడిదా, నాదా, లేక అమ్మ ఎవరి కోసం మొక్కిందో ఆ పిల్లదా? మీరే చెప్పండి.