రెండు వేళ్లతో, మెల్లగా

బడిపిల్లలు ఆమెను పాముల టీచరు అంటారు. నిజానికి ఆమె టీచరు కాదు. పెళ్లయిన కొత్తలో గోడమీద బల్లి కనబడితే మంచమెక్కి కేకలు పెట్టిన మనిషి. భర్త పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాడు. జనం పెంచుకోలేక అక్కడ వదిలేసిన చిన్నజాతి కొండచిలువనీ, తాబేలునీ, నీలం నాలుకున్న లావుపాటి బల్లినీ ఇంటికి తెచ్చాడు. సెలవు దొరికినప్పుడల్లా వాటిని బళ్లకు తీసుకెళ్లి పిల్లల చేతికిచ్చేవాడు. పెట్టెలు మోయడం, పిల్లల చేత చేతులు కడిగించడం ఆమె వంతు.

ఆయన హఠాత్తుగా పోయాక చెల్లెలు వచ్చింది.

"వాటిని ఎవరికైనా ఇచ్చేసి మా ఇంటికొచ్చెయ్ అక్కా. ఒక్కదానివీ ఇక్కడేం చేస్తావు?"

ఆమె ఊ అనేదే. కానీ ఆ సాయంత్రం చెల్లెలు తాళంచెవి కోసం చేతిసంచిలో చెయ్యి పెడితే కొండచిలువ తగిలింది. ఆ అరుపుకి పక్కవాటా వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆమెకు నవ్వాగలేదు. భర్త పోయాక నవ్వడం అదే మొదటిసారి. చెల్లెలికి మాత్రం ఆ నవ్వు కారం రాసినట్టయింది.

"నీకు మాకంటే పాములే ఎక్కువైతే వాటితోనే ఉండు" అని, మూడేళ్ల కూతుర్ని చంకనేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడో ఒక ఫోను తప్ప రాకపోకలు లేవు.

ఆమె ఉండిపోయింది. వాటిని తీసుకునేవాళ్లెవరూ దొరకలేదు, వెతకడమూ మానేసింది. భర్త చేసిన పని నెమ్మదిగా తనే అందుకుంది. పాముకి చెవుల్లేవని పిల్లలకు చెప్పేదీ ఆమే, పొద్దున్నే దానికి కూరలో ఉప్పెక్కువైన సంగతి చెప్పేదీ ఆమే.

ఒకరోజు కొత్తగా పెట్టిన బడికి వెళ్లింది. పుస్తకాల గదిలో పిల్లలు చాపలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"చేతులు కడిగారా? వేళ్లు బిస్కెట్ వాసనొస్తే బల్లిగారు ఫలహారం అనుకుంటారు."

పిల్లలు గొల్లుమన్నారు.

"రెండు వేళ్లతో, మెల్లగా నిమరాలి. తలమీద ముట్టుకోవద్దు. ఎవరో వచ్చి మీ నెత్తిమీద తడితే మీకు బాగుంటుందా?"

అప్పుడు చూసింది. వెనక వరసలో ఒక అమ్మాయి జడకొస నములుతోంది. చిన్నప్పుడు చెల్లెలు అచ్చం అలాగే నమిలి అమ్మచేత చీవాట్లు తినేది. ముక్కూ చెల్లెలిదే. తరగతి టీచరు పేరు పెట్టి పిలవగానే ఆ కాస్త సందేహమూ తీరిపోయింది.

అమ్మాయి తలొంచుకుని, ఆమె చేతిలో ఉన్న కొండచిలువ దగ్గరికొచ్చింది.

"కరుస్తుందా?"

"భయపడితే కరుస్తుంది. మనం భయపెట్టొద్దు."

అమ్మాయి వేళ్లు ఆనించింది. కొండచిలువ తీరిగ్గా ఆ మణికట్టు చుట్టుకుంది. అమ్మాయి మొహం విప్పారింది. ఎవరికీ వినబడకుండా వంగి అడిగింది:

"మా అమ్మ సంచిలో దూరింది ఇదేనా అండీ?"

"ఇదే."

ఆ 'అండీ' దగ్గర ఆమె మనసు కలుక్కుమంది. మెడ పట్టుకు వేలాడుతూ నువ్వూ నువ్వూ అన్న పిల్ల. నేను నీకు పెద్దమ్మనే అనబోయింది. వెనకనుంచి "తొందరగా! మా వంతు!" అని తోసుకుంటున్నారు.

"మిమ్మల్ని చూశానని ఇంట్లో చెప్పనులెండి. అమ్మ కోప్పడుతుంది."

"నీ ఇష్టం తల్లీ" అని, పామును ఆ చేతినుంచి మెల్లగా విడదీసింది.

అమ్మాయి తన చోటుకు వెళ్లి కూర్చుంది.

"ఆవిడ నీకు తెలుసా?" పక్కపిల్ల అడిగింది.

"ఊహూ."

ఆ మాట ఆమెకు వినబడింది. తాబేలును బయటికి తీసి, అది డిప్పలోకి ఎందుకు ముడుచుకుంటుందో చెప్పడం మొదలుపెట్టింది.

సాయంత్రం తనే చెల్లెలికి ఫోను చేసింది. మోకాళ్ల నొప్పుల గురించి, కుళాయి సరిగా రాకపోవడం గురించి మాట్లాడుకున్నారు.

"ఎవరమ్మా?" అని వెనకనుంచి అమ్మాయి గొంతు.

"పెద్దమ్మ" అంది చెల్లెలు.

ఆమె మాట ఆపేసి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. అవతల టీవీ మోత తప్ప ఏమీ వినబడలేదు.

"ఉంటానక్కా, పొయ్యిమీద పాలున్నాయి."

"సరే, చూసుకో."

ఫోను పక్కన పెట్టింది. చీకటి పడుతుంటే లేచి, తాబేలుకి ఆకుకూర తరగడానికి వంటింట్లోకి వెళ్లింది.