పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు

మార్కాపురంలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన రంగనాయకులు మాస్టారు తన సర్వీసులో ఒక్కసారి కూడా ‘నాకు తెలియదు’ అనలేదు. తెలియని లెక్క ఎవరైనా అడిగితే, అడిగినవాళ్లను బెంచీ ఎక్కించేవారు. అందుకే ఊళ్లో ఆయనకు మేధావి అని పేరు.

రిటైరయ్యాక ఆయన కన్ను 11,11,111 మీద పడింది. రెండుతో పోదు, మూడుతో పోదు, ఏడుతో పోదు. పలకల గనులకు పేరుపడ్డ ఊళ్లో పలకలకు కరువా? వరండా నిండా పరుచుకుని ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ 199 దాకా వచ్చారు. అక్కడ నడుము పట్టేసింది. ఇంతవరకు లొంగనిది ఇక దేనికీ లొంగదని తేల్చేశారు. తెలిసిన సంఘం ఒకటి ఉంటే, పదిసార్లు తిరిగి సన్మానానికి తేదీ కూడా పెట్టించుకున్నారు.

కరపత్రం కొట్టించడానికి సాదియా డీటీపీ సెంటరుకు వెళ్లారు. పదో తరగతిలో అందరికంటే ఎక్కువసేపు బెంచీ మీద నిలబడిన పిల్ల ఆమె.

“ఎంతవరకు చూసినారు సార్?”

“నూట తొంభై తొమ్మిది.”

“అదేంది సార్, వెయ్యిన్నీ యాభై నాలుగు దాకా చూడాల గదా. అంతకన్నా పెద్దవి రెండు గుణిస్తే ఈ సంఖ్యను దాటిపోతాది.”

“నువ్వు నాకు చెప్తావా? తప్పుల్లేకుండా కొట్టు, చాలు.”

సాదియా క్యాలిక్యులేటర్ తీసింది. 211, 223, 227, 229, 233...

“239తో పోయింది సార్. 4649 సార్లు.”

మాస్టారు కాగితం లాక్కుని చేత్తో భాగించారు. శేషం సున్నా. ఇంకో ఆరు భాగహారాలు చేసుంటే ఆయనకే దొరికేది. కంగారుగా గోడ మీది క్యాలెండర్ చూశారు. లెక్క తప్పినందుకు కాదు, సన్మానం ఎల్లుండే.

“ఎవరికన్నా చెప్పినావా?”

“ఇప్పుడే గదా సార్ దొరికింది.”

“మంచిది. ‘విడదీయలేని సంఖ్య’ తీసేసి, ‘మహాసంఖ్యను విడదీసిన ఘనత’ అని కొట్టు.”

“ఎవరి ఘనత అని రాయమంటారు?”

“అది కూడా అడగాల్నా?” అని విసుక్కుని వెళ్లిపోయారు.

సాదియా మళ్లీ అడగలేదు.

సన్మానం రోజు మాస్టారు మైకు ముందు గొంతు సవరించుకుని, అప్పుడే చేతికొచ్చిన కరపత్రం చదివారు. “ఏడు ఒకట్ల మహాసంఖ్యను విడదీసిన ఘనత... సాదియాది.” ఆయన ఎక్కువసేపు తడబడలేదు.

“నా శిష్యురాలే! నేను నేర్పిన లెక్కే!”

చప్పట్లు మోగాయి. శాలువా ఆయన భుజం మీదికే వచ్చింది.

“సార్ నేర్పింది నూట తొంభై తొమ్మిది దాకానే,” అంది సాదియా వెనక వరసలోంచి.

ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత చాలామంది. భోజనాల దగ్గర జనం ఆమె చుట్టూ చేరి ఆ లెక్క చెప్పించుకున్నారు. మాస్టారు మే నెల ఉక్కలో శాలువా కప్పుకునే, ఒంటరిగా పెరుగన్నం తిన్నారు.