రెండు కామాలు, రెండు సంతకాలు

జిరాక్స్ మెషిన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వేడివేడిగా చేతికి తగిలితే చాలు, సత్యవతి మేడమ్ గుర్తొచ్చి నాకు నవ్వొచ్చేస్తుంది. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరినప్పుడు నాకు పని నేర్పింది ఆవిడే. ఏ డ్రమ్ము ఎక్కడ పెట్టాలో, ఏ మెషిన్ ఎప్పుడు కడగాలో ఇంగ్లీషులో సూచనలు రాయడం నా పని. జోగిపేట బడిలో నేర్చిన ఇంగ్లీషు నాది. కూరలో కరివేపాకు వేసినట్టు ప్రతి వాక్యంలోనూ కామాలు చల్లేదాన్ని.

కాకినాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా మేడమ్ మాటలో గోదావరి యాస పోలేదు. "ఏవమ్మా, ఇన్ని కామాలెందుకు?" అని మొదటి వారమే అడిగారు.

"అందంగుంటదని పెట్టిన మేడమ్."

ఆవిడ పడీపడీ నవ్వారు. "సరేలే, నీకు అన్నలెంతమంది?"

"ముగ్గురు."

"ఇస్నాపూర్‌లో ఉండే మా అన్న వచ్చాడు అని ఇంగ్లీషులో రాయి. ఇప్పుడా ఇస్నాపూర్ ముక్కని బొటనవేలితో మూసెయ్. వచ్చిందెవరో తెలుస్తోందా?"

"ఎట్ల తెలుస్తది మేడమ్? ముగ్గుర్ల ఎవడో!"

"అదీ సంగతి. ఆ ముక్క లేకపోతే పని జరగదు కాబట్టి దానికి కామాలొద్దు. అదే నీకు ఒక్కడే అన్నయ్య ఉన్నాడనుకో, మూసినా వచ్చింది వాడే కదా! అప్పుడు ఆ ముక్కకి అటో కామా, ఇటో కామా పెట్టు."

ఆ రోజు నుంచి నా బొటనవేలికి తీరిక లేదు. పేపరు, పెళ్లిపత్రిక, దేన్నీ వదల్లేదు.

ఆరు నెలలు గడిచాయి. నన్ను పర్మనెంటు చేస్తారో, ఇంటికి పంపిస్తారో తేలే వారం వచ్చింది. సరిగ్గా ఆ వారమే నా బుద్ధి గడ్డి తింది. పనికిరాని సరుకని ఎర్ర చీటీ ఉన్న డ్రమ్ములను పక్కన పెట్టమని రాస్తూ, 'ఎర్ర చీటీ ఉన్న' అనే ముక్కకు అటూ ఇటూ కామాలు పెట్టాను. దాంతో డ్రమ్ములన్నిటికీ ఎర్ర చీటీ ఉన్నట్టు, అన్నీ పక్కన పెట్టాలన్నట్టు అర్థం మారిపోయింది. నేను సంతకం పెట్టాను, కింద మేడమ్ కూడా పెట్టేశారు. కాగితం జిరాక్స్ తీసి పనివాళ్లకు పంపబోతూ చూసుకుంటే ఆ కామాలు కనబడ్డాయి. బ్యాగులో వైట్‌నర్ సీసా ఉంది. కానీ మందుల ఫ్యాక్టరీలో వైట్‌నర్ పూయడమంటే దొంగతనం కిందే లెక్క. తప్పు మీద ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసి సంతకం చేయాలి. గీత కింద తప్పు అందరికీ కనబడుతూనే ఉండాలి. నా బతుకు తేలే వారంలో అందరికీ కనబడాలా! సీసా మూత తీశాను కూడా. పూయడానికి మనసొప్పలేదు. మూత బిగించి మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"తప్పు చేసిన మేడమ్. ఇగ నన్ను పర్మనెంటు చెయ్యరు కదా?" అంటూనే ఏడ్చేశాను.

ఆవిడ కాగితం చూసి నాలుక కరుచుకున్నారు. "నువ్వొక్కదానివేనా? నేను మాత్రం కళ్లు మూసుకుని సంతకం పెట్టలేదూ! ఏడుపాపి గీత కొట్టు." నేను గీతలు కొట్టి సంతకం పెట్టాను. ఆవిడ దాని పక్కనే తన సంతకం పెట్టి, 'నేనూ చూసుకోలేదు' అని ఇంగ్లీషులో రాసి, మేనేజరు దగ్గరికి తనే పట్టుకెళ్లారు.

నెలాఖరుకు పర్మనెంటు కాగితం చేతికొచ్చింది. నా గురించి మేడమ్ నింపిన ఫారం కూడా చూశాను. తప్పులు అనే గడిలో, 'చేసింది. ఎవరూ పట్టుకోకముందే తనే వచ్చి చెప్పింది. నాకీ పిల్లే కావాలి' అని ఉంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను!

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. మొన్న నేను రాసినదాంట్లో తప్పు దొరికితే, కొత్తగా చేరినవాళ్లందరినీ పిలిచి వాళ్ల ముందే గీత కొట్టి సంతకం పెట్టాను.

"మీరు గూడ తప్పులు చేస్తరా మేడమ్?" అని ఒకమ్మాయి ఆశ్చర్యపోయింది.

"చేస్తనే ఉంట బిడ్డా," అన్నాను. "దాచుడే ఎవ్వరూ నేర్పలే నాకు."